పీపీఎఫ్‌లో చక్రవడ్డీ పూర్తిగా రాబట్టాలంటే

పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వ పొదుపు పథకం) వడ్డీ ఏడాదికోసారి, మార్చి 31న జమవుతుంది. లెక్క మాత్రం నెలనెలా కడతారు: 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వకే ఆ నెల వడ్డీ. 6న వేస్తే ఆ సొమ్ముకు ఆ నెల వడ్డీ పోయినట్టే. జీతం 1న పడితే 2నే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ప్రతి నెలా దానంతటదే సొమ్ము పంపమనే ఆదేశం) పెట్టండి. చేతిలో ఉంటే ఏడాది పరిమితి 1.5 లక్షలూ ఏప్రిల్ 5లోపే వేసేయడం ఇంకా మేలు.

అలా 7.1 శాతం చొప్పున 15 ఏళ్లకు కట్టేది 22.5 లక్షలు, వచ్చేది సుమారు 40.68 లక్షలు. మరో పదేళ్లు కడితే 1.03 కోట్లు. వడ్డీలో ఎక్కువ భాగం ఈ చివరి పదేళ్లలోనే! (రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, మారొచ్చు.)

15 ఏళ్ల గడువు తీరాక పొడిగింపు ఐదేసి ఏళ్లు. గడువు తీరిన ఏడాదిలోపు పొడిగింపు ఫారం ఇవ్వకుండా కడుతూ పోతే కొత్త సొమ్ముకు వడ్డీ రాదు.