బెంగళూరా, కిళిమూక్కు, గిణిమూతి: ఒక గేమ్ మోడ్‌కి మూడు భాషలు

చిత్తూరులో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డుకు ఒకవైపు తెలుగు, ఇంకోవైపు తమిళం కొట్టడం నాకు రోజూ ఉండే పనే. పలమనేరు అవతలి నుంచి వచ్చేవాళ్లు కన్నడం కూడా అడుగుతారు. అందుకే ఇంటర్ చదివే మా అబ్బాయి మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేమ్‌కి తను చేసిన మోడ్‌ని, అంటే గేమ్‌కి కొత్త వస్తువులూ పనులూ చేర్చే హంగుని, ఈ మూడు భాషల్లోకి మార్చి పెట్టమంటే, ‘నూట నలభై లైన్లేగా, సాయంత్రానికి ఇచ్చేస్తా’ అన్నాను. మూడు వారాలు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

వాడి మోడ్ మామిడి తోట గురించి. మొక్క నాటి, నీళ్లు పోసి, కాయలు కోసి, ఫ్యాక్టరీకి తోలి రసం తీయించాలి. ఇక్కడ పుట్టిన పిల్లాడికి ఇంకేం తడుతుంది!

ముందు చూడాల్సింది మాటలు ఎక్కడున్నాయన్నది. కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్ మైన్‌క్రాఫ్ట్ మోడ్‌లో ‘అసెట్స్’ ఫోల్డర్, అందులో మోడ్ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల ‘ల్యాంగ్’ అని ఇంకోటి ఉంటాయి. ఇంగ్లిష్ మాటలన్నీ అక్కడ ఒక జేసన్ ఫైల్లో (పేరు, దాని ఎదురుగా మాట, ఇలా వరసగా రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైల్) ఉండాలి. మావాడు సగం మాటలు అక్కడ పెట్టి, మిగతా సగం నేరుగా కోడ్‌లోనే రాసేశాడు. అలా రాసినవి ఎన్ని భాషల ఫైళ్లు చేసినా ఇంగ్లిష్‌లోనే కనిపిస్తాయి. అన్నింటినీ ఫైల్లోకి తెచ్చేదాకా నేను పని మొదలుపెట్టనన్నాను. మీరూ అంతే గట్టిగా ఉండండి.

తర్వాత ఆ ఫైల్‌ని కాపీ చేసి, పేరులో భాష కోడ్ (ఆ భాషకు గేమ్ వాడే పొట్టి పేరు) మార్చాలి. ఫైల్ పేరులో అక్షరాలన్నీ ఇంగ్లిష్ చిన్నబడివే ఉండాలి. ప్రతి లైన్లో ఎడమవైపున్నది గేమ్ వెతుక్కునే తాళంచెవి. దాన్ని ముట్టుకోవద్దు, కుడివైపు మాటే మార్చాలి. వర్డ్‌లో టైప్ చేయొద్దు, అది కొటేషన్ గుర్తుల్ని వంకరగా మార్చేస్తుంది. ఒక్క వంకర గుర్తు పడినా, ఒక్క కామా తప్పినా ఫైల్ మొత్తం చెల్లదు, మోడ్ మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే కనిపిస్తాయి. నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో రాసి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, మన లిపులు చెడకుండా ఉంటాయి.

నాలాంటి డీటీపీ వాళ్లకు ఇంకో మాట. అను ఫాంట్లలో కొట్టింది ఇక్కడ పనికిరాదు. చేతి అలవాటు కొద్దీ మొదటి రోజు అనులోనే కొట్టి పేస్ట్ చేశాను. గేమ్‌లో మామిడికాయ మీద ఏవో పిచ్చి గీతలొచ్చాయి. అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు మరి. తమిళంలో బామిని, కన్నడంలో పాత నుడి ఫాంట్లదీ ఇదే కథ.

ఇక అసలు పని. లైన్లు మొదలుపెట్టక ముందే ఒక కాగితం మీద పేర్ల పట్టిక రాసుకోవాలి. మోడ్‌లో ‘తోతాపురి’ అనే కాయ ఉంది. చిత్తూరులో దాన్ని బెంగళూరా అంటాం, కోస్తా వైపు కలెక్టర్ అంటారు. తమిళంలో కిళిమూక్కు, కన్నడంలో గిణిమూతి. రెండింటికీ చిలకతోనే పోలిక: వాళ్లు ముక్కు అన్నారు, వీళ్లు మూతి అన్నారు. తెలుగులో ఏది పెట్టాలన్నదాని మీద ఇంట్లో రెండు రోజులు నడిచింది. ఆడేవాళ్లు ఎక్కడివాళ్లో తెలియదు కాబట్టి వస్తువు పేరు ‘తోతాపురి’ అనే ఉంచి, మౌస్ పెడితే వచ్చే వివరణలో మిగతా పేర్లు చెప్పాం. ఈ పట్టిక లేకపోతే పదో లైన్లో ఒక పేరు, తొంభయ్యో లైన్లో ఇంకో పేరు పడతాయి. మెషీన్ ట్రాన్స్‌లేషన్‌ని నమ్మితే ఇంకా తమాషా. సామాన్లు దాచే ‘చెస్ట్’ని అది ‘ఛాతీ’ చేసింది. ‘ఛాతీలో కాయలు పెట్టండి’ అని చూసి మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

అన్నింటికన్నా ఇబ్బంది పెట్టేది %ఎస్ అనే గుర్తు. ఫైల్లో ఆ ఎస్ ఇంగ్లిష్ అక్షరంగానే ఉండాలి. ఆ చోటులో గేమ్ ఒక పేరో అంకెనో నింపుతుంది. ‘%ఎస్‌కు గంప ఇచ్చారు’ అని రాశాననుకోండి. రామయ్య వస్తే ‘రామయ్యకు’ అని బాగానే ఉంటుంది. రవి వస్తే ‘రవికు’ అవుతుంది. కన్నడంలో రవికైతే ‘రవిగె’, చెట్టుకైతే ‘మరక్కె’. తమిళంలో ‘రవిక్కు’, ‘మరత్తుక్కు’. ఏం వస్తుందో ముందు తెలియనప్పుడు దాని చివర విభక్తి ఎలా తగిలిస్తాం? తగిలించకపోవడమే దారి. ‘గంప అందుకున్నవారు: %ఎస్’ అని రాసేశాను. ‘%ఎస్ కాయలు ఉన్నాయి’ అన్నా ఒక్కటే ఉన్నప్పుడు ‘1 కాయలు ఉన్నాయి’ అంటుంది. ‘కాయలు: %ఎస్’ అంటే ఏ గొడవా లేదు. ఒకే లైన్లో రెండు గుర్తులుండి, మన వాక్యంలో వాటి వరస తిరగబడితే %1$ఎస్, %2$ఎస్ అని నంబర్లు వేయాలి. ఆడేది అబ్బాయో అమ్మాయో తెలియదు కాబట్టి ‘కోశాడు’, ‘కోసింది’ వద్దు, ‘కోశారు’ చాలు.

మావాడి వెర్షన్లో భాషల జాబితాలో తమిళం, కన్నడం ఉన్నాయి, తెలుగు కనబడలేదు. దానికి మేం చిన్న రిసోర్స్ ప్యాక్ (గేమ్‌కి విడిగా తగిలించే ఫైళ్ల కట్ట) చేశాం. ప్యాక్ వివరాలుండే ఎంసీమెటా ఫైల్లో ‘లాంగ్వేజ్’ అనే భాగం కింద భాష కోడ్, పేరు, ప్రాంతం రాస్తే జాబితాలోకి చేరుతుంది.

చేరింది కానీ ఒత్తులు విడిపోయాయి. ‘బుట్ట’ అని రాస్తే ట కింద ఒత్తు పడకుండా పొల్లు టకారం, పక్కన ఇంకో ట వచ్చాయి. అప్పుడు బటన్లకూ వస్తువులకూ ఒత్తుల్లేని మాటలు వెతకడం మొదలుపెట్టాను. బుట్ట పోయి గంప వచ్చింది, మా ఇంట్లో అనేదీ అదే. నీళ్లు నీరయింది, గుజ్జు రసమయింది. చెట్టుకు మాత్రం ఏదీ దొరకలేదు, అది అలాగే విరిగి ఉంది. వాక్యాల్లో మాత్రం ఈ పని చేయొద్దు, ఒత్తులు తీసేస్తే అది తెలుగు కాదు.

మార్చిన ప్రతిసారీ గేమ్ మూసి తెరవక్కర్లేదు, ఎఫ్3, టీ కలిపి నొక్కితే ఫైళ్లు మళ్లీ లోడవుతాయి. మాటలు బటన్ దాటి బయటికి పోతున్నాయేమో అప్పుడే చూసుకోండి. తమిళం నాకు చదవడం, రాయడం వచ్చు, కానీ ఆ భాషలో పెరగలేదు. అందుకే మా వీధిలోని వేలూరు అక్కకు చూపించాను. కన్నడం మా పెద్దమ్మ కోడలు చూసింది, ఆమెది ముళబాగిలు. ఇద్దరికీ ఫైల్ పంపలేదు, గేమ్ స్క్రీన్ ఫొటోలు పంపాను. జేసన్ ఫైల్ చూస్తే ఎవరికైనా టెన్షనే.

మొన్న మావాడు చీడపీడలు చేర్చాడు, పన్నెండు కొత్త లైన్లు వచ్చాయి. అనువాదం లేని లైన్ దానంతటదే ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది కాబట్టి కంగారు లేదు. తెలుగు, కన్నడం అయ్యాయి. తేనె మంచు పురుగును తమిళంలో ఏమంటారో అక్క వాళ్ల నాన్నను అడిగి చెప్తానంది.