డిస్కస్ ట్యాంక్ ఎలా పెట్టాలి? ముందు నీళ్లు, తర్వాతే చేపలు

డిస్కస్ చేపలు అందరి చేతిలో బతకవని అంటుంటారు. నేను చూసినంతలో వాటిని చంపేది తొందరే. పొద్దున ట్యాంక్ తెస్తారు, సాయంత్రానికి చేపలు వదిలేస్తారు. వారం తిరక్కుండానే అవి నల్లబడి, రెక్కలు ముడుచుకుని ఓ మూలకు చేరతాయి.

సామాను గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆరు చేపలకు కనీసం 250 లీటర్ల ట్యాంక్, దాని ఎత్తు 50 సెంటీమీటర్లు. హీటర్, థర్మామీటర్, రెండు స్పాంజ్ ఫిల్టర్లు, ఎయిర్ పంప్, నీటిని పరీక్షించే చుక్కల కిట్. అడుగున ఇసుక, గులకరాళ్లు వద్దు. మొక్కలతో అలంకరించేవాళ్లున్నారు కానీ, పిల్ల చేపలున్నంత కాలం ఉత్త అద్దమే మేలు. మిగిలిన మేత, మలం ఎక్కడున్నా కంటపడతాయి, పైపుతో రెండు నిమిషాల్లో లాగేయొచ్చు.

నీళ్లు నింపి, కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే యాంటీక్లోరిన్ మందు కలిపి, హీటర్‌ను 29 డిగ్రీల దగ్గర పెట్టండి. పీహెచ్ అంటే నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె. దాన్ని తగ్గించే మందుల జోలికి పోవద్దు. పెంపకంలో పుట్టిన డిస్కస్‌కు 6 నుంచి 7.5 మధ్య ఏదైనా సరిపోతుంది, అది రోజుకో రకంగా మారకూడదంతే.

ఇక అసలు పని, అందరూ ఎగ్గొట్టే పని. చేపల మలం, మిగిలిన మేత అమోనియాగా మారతాయి. ఫిల్టర్‌లో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. పైగా నీళ్లు వెచ్చగా ఉన్నకొద్దీ అమోనియా మరింత ఘాటుగా పనిచేస్తుంది, డిస్కస్‌కేమో వెచ్చటి నీళ్లే కావాలి. కొత్త స్పాంజ్‌లో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేపలు లేకుండానే దాన్ని పెంచాలి. సబ్బు, సువాసన కలవని అమోనియాను 2 పీపీఎం (లీటరు నీటికి 2 మిల్లీగ్రాములు) వచ్చేంత వరకే వేయండి. 5 దాటితే బ్యాక్టీరియాకే ఇబ్బంది. రోజూ పరీక్షించండి. అమోనియా పడిపోయినప్పుడల్లా మళ్లీ 2కి తెండి. కొన్నాళ్లకు అమోనియా సున్నా చూపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడి చేపలకు బయలుదేరతారు. అప్పటికి సగం పనే అయింది, నైట్రైట్ ఇంకా పైకెక్కుతూ ఉంటుంది. రెండు వారాలైనా అది కదలకపోతే టెన్షన్ పడకండి, పీహెచ్ చూడండి. 6.5 కన్నా దిగితే బ్యాక్టీరియా మందగిస్తుంది. సగం నీళ్లు మారిస్తే మళ్లీ దారిలో పడుతుంది.

వేసిన 2 పీపీఎం అమోనియా 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా ఉండాలి. అలా వరుసగా మూడు రోజులు చూశాకే చేపల మాట ఎత్తండి. నా మొదటి ట్యాంక్‌కు ఒక అమ్మకందారు సీసాలో అమ్మే బ్యాక్టీరియా మందు పోస్తే మర్నాడే చేపలు వేయొచ్చన్నాడు. ఆ మాట నమ్మాను. పది రోజుల్లో నాలుగు చేపలు పోయాయి. అప్పటి నుంచి సీసా మీది రాతను కాదు, కిట్ చూపించిన రంగునే నమ్ముతున్నాను.

చేపలు తెచ్చే ముందు రోజు ముప్పావు వంతు నీళ్లు మార్చి, నైట్రేట్‌ను 20 పీపీఎం లోపుకు తెండి. రెండున్నర, మూడు అంగుళాల పిల్లలను ఆరింటిని ఒకే చోట, ఒకేసారి కొనండి. రెండో మూడో పెడితే బలమైనది మిగతావాటిని మేత దగ్గరకు రానివ్వదు. వేర్వేరు చోట్ల నుంచి తెస్తే ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుంటుంది. ఏంజెల్ చేపలను తోడుగా వేయొద్దు.

లైటు ఆపి, సంచిని ఇరవై నిమిషాలు నీటిపై తేలనివ్వండి. చేపలను మాత్రమే వదలండి, సంచిలో నీళ్లు పారబోయండి. ఆ తర్వాత రెండు రోజులకోసారి సగం నీళ్లు మార్చాలి, కొత్త నీళ్లూ అంతే వెచ్చగా ఉండాలి. స్పాంజ్‌ను కుళాయి కింద కడగొద్దు, ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండండి. లేదంటే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చి, ఆరు వారాల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది.

మొదటి రోజు మేత వేయకండి. అవి మూల వదిలి అద్దం దగ్గరకు వచ్చి మీ చేతివైపు చూడటం మొదలుపెట్టాక చిటికెడు వేయండి. ఐదు నిమిషాల్లో తినకుండా మిగిలింది పైపుతో తీసేయండి.