కేసు ముగిశాక పిల్లాడి బతుకు నిలబడాలంటే

18 నిండని పిల్లల మీద కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డులో వాళ్ల తరఫున వాదిస్తుంటాను. బండి దొంగతనమైనా, కొట్లాటైనా అమ్మానాన్నలు ముందు అడిగేది బెయిల్ గురించే. నాకు మాత్రం పాతికేళ్లు వచ్చేసరికి ఆ అబ్బాయి ఎలా ఉంటాడన్నదే బెంగ.

స్టేషన్ నుంచి ఫోన్ రాగానే టెన్త్ మెమో పట్టుకుని బయల్దేరండి. ఆధార్‌ను నమ్ముకోకండి. వయసు తేల్చడానికి 2015 జువైనల్ జస్టిస్ చట్టం ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. 18 నిండకపోతే లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుకు తేవాలి. లాయర్ ఫీజు కట్టలేకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి.

బెయిలొచ్చాక చాలా ఇళ్లలో చదువు మాన్పించి ఏ మేనమామ షెడ్డుకో పంపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లండన్‌లో 1961 నుంచి 411 మంది అబ్బాయిలను దశాబ్దాల పాటు గమనించారు. శిక్ష పడ్డా కుర్రతనంలోనే నేరాల దారి వదిలేసినవాళ్లలో ఎక్కువమంది 48 ఏళ్లకు, ఏ శిక్షా పడనివాళ్లలాగే కుదురుగా ఉన్నారు. వదలాలంటే పొద్దున్నే లేచి వెళ్లడానికి పిల్లాడికో చోటుండాలి. ప్రిన్సిపాల్‌తో మీరే వెళ్లి మాట్లాడండి, కుదరకపోతే ఓపెన్ స్కూల్లో చేర్చండి.

ఎవరైనా వాడి పేరో ఫొటోనో టీవీలోనో వాట్సాప్‌లోనో పెడితే ఊరుకోవద్దు. అదే చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ మంది మరిచిపోయేది కేసు ముగిశాక చేయాల్సిన పని. తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసి బీరువాలో దాచండి. సెక్షన్ 24 ప్రకారం ఆ కేసు వల్ల ఉద్యోగానికీ దేనికీ అనర్హత ఉండదు, అప్పీలు గడువు దాటాక రికార్డు చెరిపేయాలి. 16 దాటి ఘోర నేరంలో పిల్లల కోర్టు పెద్దవాళ్లలా విచారించిన కేసులకు ఇది వర్తించదు. రికార్డు చెరిపారో లేదో లాయరు చేత అడిగించండి. పోలీసు ఉద్యోగానికి, గత వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న గడి దగ్గర సొంతంగా టిక్ పెట్టనివ్వకండి, ఆ కాపీతో లాయరు దగ్గరికి పంపండి.

మనసు సంగతి కూడా చూడాలి. నా దగ్గరికొచ్చే ఒకబ్బాయికి ఇప్పుడు మంచి ఉద్యోగముంది. అయినా ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తితే చాలు, హ్యాండిల్ మీద వేళ్లు వణుకుతాయి. అలాంటి భయం కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు ఫోన్ చేయండి, నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.