ఫోటో నుంచి ప్యాటర్న్ దాకా: సొంత డిజైన్ వేయడం ఎలా?

దుప్పట్ల మీద, వాల్‌పేపర్ల మీద ఒకటే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది కదా, ఆ పనినే సర్ఫేస్ ప్యాటర్న్ డిజైన్ అంటారు. ఇది నేర్చుకోవాలంటే ముందు సాఫ్ట్‌వేర్ రావాలేమో అని చాలామందికి టెన్షన్. అక్కర్లేదు. ఫోన్, పెన్సిలు, కాగితం, కత్తెర, టేపు చాలు.

మొదటి పని ఫోటోలు. పది వస్తువుల వెంట పడకుండా ఒక్కదాన్నే, ఒక ఎండుటాకు అనుకోండి, ఇరవై రకాలుగా తీయండి: మొత్తం ఆకు, తొడిమ దగ్గర నుంచి, వెనక్కి తిప్పి, ఈనెలు కనపడేలా వెలుగుకి అడ్డం పెట్టి. మబ్బు పట్టినప్పుడు తీస్తే వివరాలు బాగా తెలుస్తాయి, నీడ ఆకారం కావాలంటే మాత్రం ఎండ ఉండాల్సిందే. తర్వాత వాటిని నలుపు తెలుపులోకి మార్చండి. రంగు తీసేశాక ఆకారం నిలబడని ఫోటోని పక్కన పెట్టేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. నెట్‌లో దొరికిన ఫోటోలు వాడకండి, రేపు డిజైన్ అమ్మాలనుకుంటే కాపీరైట్ గొడవ.

ఇక స్కెచ్. ఒకసారి ట్రేస్ చేయండి, అది చేతికి అలవాటు కోసమే. ఆ తర్వాత ఫోటోని ఒక నిమిషం బాగా చూసి, ఫోన్ బోర్లించి, గుర్తున్నంత వరకు గీయండి. ఫోటోలో అన్నీ ఉంటాయి, గుర్తున్నవి మాత్రం మూడో నాలుగో గీతలే, డిజైన్‌కి పనికొచ్చేవి కూడా అవే. పెద్దవి, మధ్యరకం, సందుల్లో పెట్టే చిన్నవి, ఇలా మూడు సైజుల్లో గీసి పెట్టుకోండి.

అసలు కిటుకు రిపీట్‌లో, అంటే అతుకు కనపడకుండా బొమ్మ మళ్లీ మళ్లీ వచ్చేలా చేయడంలో ఉంది. 16 సెం.మీ. చదరపు కాగితం మధ్యలో, అంచులకి తగలకుండా బొమ్మలు వేయండి. నిలువుగా 8 సెం.మీ. దగ్గర కత్తిరించి, ఎడమ ముక్కని కుడివైపుకి, కుడి ముక్కని ఎడమవైపుకి మార్చి వెనక టేపు వేయండి. ముక్కలు తిప్పకూడదు, చోటు మాత్రమే మారాలి. ఇప్పుడు అడ్డంగా కోసి పైదీ కిందదీ అలాగే మార్చండి. మూలల్లో ఉన్న ఖాళీ అంతా నడిమధ్యకి వచ్చేస్తుంది, దాన్ని నింపండి, ఈసారి కూడా అంచుల జోలికి పోకుండా. టైల్, అంటే పక్కపక్కన పేర్చుకుంటూ పోయే చదరపు ముక్క, తయారు.

దాన్ని తొమ్మిది జిరాక్సులు తీసి, మూడు వరుసలుగా పేర్చి, నాలుగు అడుగులు వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూడండి. నా మొదటి టైల్ విడిగా చూస్తే ముద్దొచ్చింది, పేర్చాక చూస్తే ఒక వంపు కాడ కాస్తా గోడ మీద చీమల బారులా ఏటవాలుగా పోతోంది! తప్పు కాడది కాదు, దాని చుట్టూ నేను వదిలిన ఖాళీది. పక్కన ఎదురు దిక్కుకి తిరిగిన ఆకు పెడితే సర్దుకుంది.

చేయి తిరిగాక హాఫ్ డ్రాప్ చూడండి, అంటే పక్క నిలువు వరుస సగం టైల్ ఎత్తు, మనకి 8 సెం.మీ., కిందికి జరగాలి. ఇందులో గడులు తేలిగ్గా కనపడవు. కాకపోతే ఇప్పుడు చేసిన టైల్‌నే జరిపితే పక్క అంచుల్లో గీతలు కలవవు, కాబట్టి మొదట్లో పక్క అంచులు దాటని బొమ్మలతో ప్రయత్నించండి.

కంప్యూటర్ పని ఇక్కడ మొదలవుతుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 16 సెం.మీ. దాదాపు 1890 పిక్సెల్స్ వస్తుంది. ఫోటోషాప్‌లో బొమ్మని జరిపే ఆఫ్‌సెట్ ఫిల్టర్‌లో అడ్డంగా, నిలువుగా 945 చొప్పున ఇచ్చి, ర్యాప్ అరౌండ్ (ఒక అంచు దాటింది ఎదుటి అంచు నుంచి వచ్చేలా) పెడితే కత్తెర పని అదే చేసేస్తుంది, అతుకు ఎక్కడుందో బయటపడుతుంది. 16 ఎందుకంటారా? బట్టల రోటరీ స్క్రీన్ ప్రింటింగ్‌లో, అంటే తిరిగే గొట్టంలాంటి స్క్రీన్‌తో రంగు అద్దే పద్ధతిలో, ఆ సిలిండర్ చుట్టుకొలత సాధారణంగా 64 సెం.మీ., 16 అందులో సరిగ్గా నాలుగుసార్లు పడుతుంది. పైగా అక్కడ ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కావాలి, అందుకే మీ ఫోటోలోంచే నాలుగైదు రంగులు ఏరుకుని అక్కడితో ఆగండి.