జపనీస్ వైద్య పదాలు: తెలుగు లిపిలోనే రాసుకోండి

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో రక్తం తీయడం నా పని. జపాన్‌లో కైగో ఉద్యోగానికి, అంటే పెద్దవాళ్లను చూసుకునే పనికి, వెళ్లాలని ఏడాదిన్నరగా భాష నేర్చుకుంటున్నాను. వైద్య పరీక్షల మాటలు ఎంతకీ నోటికి రాక చాలా టెన్షన్ పడ్డాను. చివరికి ఎలా పట్టుబడ్డాయో చెబుతాను.

ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడం మానేయండి. ఆరోగ్య పరీక్షను 'కెన్‌కో షిన్‌దన్' అంటారు. కె హ్రస్వం, కో దీర్ఘం. ఆ తేడా తెలుగు రాతలోనే కనిపిస్తుంది. ఫలితం 'కెక్క'. ఆ ఒత్తు మనకు కొత్త కాదు. బీపీ 'కెత్సుఅత్సు'. ఆ త్సు మనం 'చుట్టం' అనేటప్పుడు పలికే చు లాంటిదే.

తర్వాత, మాటలను గుత్తులుగా పట్టుకోండి. 'కెత్సు' అంటే రక్తం. రక్తం తీయడం 'సైకెత్సు', రక్తహీనత 'హిన్‌కెత్సు'. షుగర్ జబ్బు 'తోన్యోబ్యో': తో చక్కెర, న్యో మూత్రం, బ్యో జబ్బు. మన మధుమేహంలో ఉన్నదీ తీపీ మూత్రమే కదా! అది గమనించిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో.

పని చేస్తూ పలకండి. నేను పేషెంట్ జబ్బకు రబ్బరు కట్టి, మోచేతి మడత దగ్గర నరం కోసం వేలితో తడుముతూ, మనసులో 'నిగిత్తె కుదసై' అనుకుంటాను. పిడికిలి బిగించండి అని. సూది దిగి రక్తం ట్యూబులోకి రాగానే 'హిరైతె కుదసై', ఇక వదలండి. రోజుకు 40 మందికి అలా అనుకుంటే మరిచిపోవడం ఉండదు.

నొప్పి మాటలకు మాత్రం ఎక్కువ సమయం పెట్టండి. పెద్దవాళ్లు జబ్బు పేరు చెప్పరు, బాధ చెబుతారు. 'జుకిజుకి' అంటే సలుపు. 'చికుచికు' సూదులతో గుచ్చినట్టు. 'హిరిహిరి' చురచుర మంట. 'ముకముక' కడుపులో తిప్పడం. మనకూ ఇలాంటి జంట మాటలు బోలెడు, కాబట్టి ఒక్కోదానికి మీ అమ్మమ్మ వాడే మాట పక్కన రాసుకోండి. వాక్యం వరస కూడా మనదే: 'కినో కర' నిన్నటి నుంచి, 'అతమ గ' తల, 'ఇతై దెస్' నొప్పిగా ఉంది.

అవయవాల పేర్లు పైకి చదువుతూ, ఆ చోట చెయ్యి పెట్టుకోండి. గుండె 'షిన్‌జో', కిడ్నీ 'జిన్‌జో'. క్లాసులో గుండె మీద చెయ్యి వేసుకుని జిన్‌జో అన్నాను. తప్పు దిద్దుకోవడానికి వారం పట్టింది.

ఎక్స్‌రేను 'రెంతొగెన్' అంటారు, 1895లో దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త పేరే అది.

జపాన్ చట్టం ప్రకారం కంపెనీలు ఉద్యోగులకు ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి. కాబట్టి ఆ ఫలితాల కాగితం రేపు మీ చేతికీ వస్తుంది. 'ఇజో నషి' అంటే తేడా ఏమీ లేదు. 'యో సైకెన్‌స' అని ఉంటే హడలిపోకండి, మళ్లీ పరీక్ష అవసరం అని మాత్రమే. ఇక్కడి 'సై' అంటే మళ్లీ, సైకెత్సులోని 'సై' అంటే సేకరించడం. వినడానికి ఒకటే, కంజి వేరు. కంజి అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరం. తెలుగు లిపి ఇక్కడ సాయం చెయ్యదు. ఆ రెండు కంజీలూ పెద్దగా రాసి, ల్యాబ్‌లో నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను.