ఫ్రిజ్ ఆపేశాక ఏది ఎందుకు పాడవుతోంది: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ల కోసం

కరెంటు బిల్లు తగ్గించుకోవాలని ఫ్రిజ్ ఆపేశారా? ముందు లెక్క. ఈమధ్య కొన్న చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్ నెలకు సుమారు 15 యూనిట్లు కాలుస్తుంది. తలుపు రబ్బరు వదులైన పాతదైతే 30 దాటుతుంది. 2022లో వచ్చిన టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల స్లాబుకు యూనిట్ 6 రూపాయలు. మీ వాడకం ఆ స్లాబులో ఉంటే కొత్త ఫ్రిజ్ ఆపితే 90 రూపాయలు, పాతది ఆపితే 180 మిగులుతాయి. నెలలో మూడుసార్లు అరలీటరు పాలు విరిగాయంటే ఆ తొంభై కూడా గోవిందా.

కుండలో కుండ పెట్టి మధ్యలో ఇసుక పోసి తడిపినా చల్లబడటం లేదు

తప్పు కుండది కాదు, మన గాలిది. నీరు ఆవిరైతేనే చల్లదనం. అనంతపురం ఎండలో 40 డిగ్రీలున్నా గాలిలో తేమ 20 శాతమే ఉంటే తడి కుండ 23 దాకా దిగగలదు. మన తీరాన 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజున ఎంత తడిపినా 29 దగ్గరే ఆగుతుంది. పైగా అది చక్కగా గాలి తగిలినప్పటి మాట. యూట్యూబ్‌లో చూసి దీన్ని ఫ్రిజ్ అనుకుని పాలు, చేపలు పెడితే పాడవక మానవు.

కూరగాయలకూ పెరుగుకూ మాత్రం పనికొస్తుంది. రంగు, మెరుపు పూత లేని కుండలే తీసుకోండి. వంటింట్లో కాకుండా గాలి ఆడే వరండా నీడలో, ముక్కాలిపీట మీద పెట్టండి. ఇసుక పొద్దున, సాయంత్రం తడపాలి. మూతగా తడి గోనె వేయాలి. కొన్నాళ్లకు పైన తెల్లటి ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. కొబ్బరి పీచుతో రుద్ది ఒక రోజు ఎండబెడితే మళ్లీ చెమరుస్తుంది. వానాకాలంలో ఆపేయడమే మేలు, బూజు తప్ప ఏమీ రాదు.

పాలు రెండోసారి కాచగానే విరుగుతున్నాయి

మొదటి కాపులో చావని సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చటి పాలలో మళ్లీ పెరుగుతాయి. గిన్నె అంచు మడతలో మిగిలిన పాత పాలజిడ్డు వాటికి తోడు. గిన్నెను సలసల కాగే నీళ్లతో కడగండి. పొంగు వచ్చాక సన్న సెగ మీద ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. వెంటనే గిన్నెను నీళ్ల బేసిన్‌లో సగం మునిగేలా పెట్టి, నీళ్లు వేడెక్కితే ఒకసారి మార్చండి. వేసవిలో నాలుగైదు గంటలకోసారి మళ్లీ కాచాలి. పాత పాలలో కొత్త పాలు కలపొద్దు. రాత్రికి మిగిలినవి తోడు పెట్టేయండి. విరగకుండా సోడా చిటికెడు వేయమనే సలహా వినకండి. అది పులుపును కప్పిపెడుతుంది, పాలను కాపాడదు.

పెరుగు పొద్దుటికే పుల్లబడుతోంది

ఎక్కువ తోడు, ఎక్కువ సమయం. మే నెలలో అరలీటరు పాలకు అర చెంచా చాలు. పాలు గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. నాలుగైదు గంటల్లో తోడుకోగానే ఆ గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టండి. చీమలు కూడా రావు. పళ్లెంలో నీళ్లు రోజూ మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మట్టి ముంతలో తోడుపెడితే నీరు పీల్చుకుని పెరుగు గట్టిగా ఉంటుంది. అయినా పులిస్తే మజ్జిగ పులుసే.

ఇడ్లీ పిండి పొంగి కారిపోతోంది

వారానికి సరిపడా రుబ్బే అలవాటు ఫ్రిజ్‌తోనే పోవాలి. ఒక్క పూటకే రుబ్బండి, చల్లటి నీళ్లు వాడండి. వేసవిలో ఐదారు గంటల పులుపు చాలు. మిగిలితే సాయంత్రం దిబ్బరొట్టె.

రాత్రి అన్నం జిగురు పట్టింది

పారేయండి. వెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు, కాబట్టి పులిహోర కలిపి సరిపెట్టుకోవద్దు. చద్దన్నం కావాలంటే అన్నం చల్లారగానే మునిగేదాకా మంచినీళ్లు పోయండి, తెల్లారి ఉల్లిపాయ, పచ్చిమిరపతో ముగించండి. మధ్యాహ్నం దాకా లాగొద్దు. చోడి అంబలికీ ఇదే పద్ధతి, ఇదే గడువు.

చేప తిన్నాక నాలుక మంట, ముఖం ఎర్రబడటం

కానాగంతలు, కవళ్లు, సూర చేపలు వెచ్చగా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి బాధ తెచ్చే పదార్థం తయారవుతుంది. వండినా అది పోదు. దద్దుర్లు, ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్లాలి. భావనపాడు, కళింగపట్నం, కోనాడ లాంటి చోట ఒడ్డున కొన్నా ఐసు లేకుండా సంచిలో తిప్పొద్దు, ఆ పూటే వండాలి. చింతపండు పులుసును రాత్రి ఒకసారి బాగా మరిగించి, మర్నాడు పొద్దున మరిగించి తినేయండి. ఎండు చేపలకు వానల్లో తెల్ల బూజు కనబడితే వాటినీ పారేయాల్సిందే. ముందే ఎండలో వేసి బిగుతు మూత డబ్బాలో పెడితే ఆ బాధ ఉండదు.

ఆకుకూర వాడిపోతోంది, మిర్చి కుళ్లుతోంది

తోటకూర, గోంగూర వేళ్లు నీళ్లలో నిలబెట్టండి. మిర్చి తొడిమలు తీసి పొడి కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్ ముడి వేయొద్దు.

ఫ్రిజ్ ఆపినా బిల్లు తగ్గలేదు

యూనిట్లు చూడండి, రూపాయలు కాదు. పాత వాడకానికి వేసే ట్రూఅప్, ఇంధన సర్దుబాటు చార్జీలు బిల్లులో విడిగా ఉంటాయి. యూనిట్లే తగ్గకపోతే 2,000 వాట్ల గీజర్‌ను అనుమానించండి. రోజూ అరగంట వేసినా నెలకు 30 యూనిట్లు.

ఇన్సులిన్ వాడే ఇంట్లో ఫ్రిజ్ ఆపొద్దు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, మన కుండ దానికి చాలదు.

ఆపిన ఫ్రిజ్‌లో కంపు

తడి ఉండగా తలుపు మూశారు. పొడిగుడ్డతో తుడిచి తలుపును నాలుగు వేళ్ల సందుతో తాడు కట్టి ఉంచండి. ముడి పిల్లలు విప్పలేనిదై ఉండాలి, లోపలికి దూరితే ప్రాణాపాయం. పక్కకు పడుకోబెట్టి తరలించిన ఫ్రిజ్‌ను నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే మళ్లీ స్విచ్ వేయాలి.