హవాయి పెద్ద దీవిలో లావా సొరంగాలు: పుట్టుక తెలుసుకుని లోపలికి దిగడం

హవాయి పెద్ద దీవిలో లావా సొరంగంలోకి దిగదలచినవారు ముందుగా అది ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం. లోపల పాదం ఎక్కడ మోపాలో, తల దేనికి తగులుతుందో, ఏ రాతిని ముట్టుకోకూడదో ఆ పుట్టుకను బట్టే అర్థమవుతుంది.

ఈ దీవిలోని కిలౌయా అగ్నిపర్వతం నుంచి వెలువడే, చల్లారితే బసాల్టు అనే నల్లరాయిగా మారే లావా సుమారు 1,150 డిగ్రీల సెల్సియస్ వేడితో, తేలికగా పారేంత పలుచగా ఉంటుంది. నునుపైన పైపొర కట్టి, తాళ్లలాంటి ముడతలు వేస్తూ సాగే లావాను హవాయి ప్రజలు పాహోయ్‌హోయ్ అంటారు. గరుకు ముక్కలుగా విరుగుతూ కదిలే లావాను ఆఆ అంటారు. సొరంగాలు ఎక్కువగా మొదటి రకంలోనే ఏర్పడతాయి. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. కాలువలా పారే లావాకు రెండు గట్లు పేరుకుని, వాటి అంచుల నుంచి గట్టిపడిన పొర లోపలికి పెరుగుతూ చివరకు కలిసిపోయి కప్పుగా మారడం ఒకటి. పలుచగా పరచుకున్న లావా పైభాగం ముందే గడ్డకట్టగా, లోపలికి తోసుకొచ్చే కొత్త లావా ఆ పొరను పైకి లేపుతూ తనకు దారి చేసుకోవడం రెండవది.

కప్పు పడిన తరువాత ఆ రాయే వేడి బయటకు పోకుండా కాపాడుతుంది. అందువల్ల లోపలి ప్రవాహం కిలోమీటరు దూరం సాగినా సుమారు ఒక డిగ్రీ మాత్రమే చల్లబడుతుంది. లావా వెలువడే బిలానికి ఎంతో దూరంలో ఉన్న సముద్రం దాకా అది ద్రవంగానే చేరగలగడానికి కారణం ఇదే. ప్రవాహం నెలల తరబడి సాగితే తన అడుగును తానే కోసుకుంటూ లోతుకు దిగుతుంది. చివరకు పైనుంచి లావా రావడం ఆగి, ఉన్నది కిందికి జారిపోయినప్పుడు ఖాళీ సొరంగం మిగులుతుంది. కిలౌయా వాలులోని కజుమురా గుహ ఇలా ఏర్పడినదే. దాని మార్గాల మొత్తం పొడవు దాదాపు 65 కిలోమీటర్లు, పైచివరకూ కిందిచివరకూ మధ్య ఎత్తు తేడా 1,100 మీటర్లు.

లోపల నడిచేటప్పుడు గోడలను చూడండి. నడుము ఎత్తున అరుగుల్లా సాగే గీతలు లావా ఒక్కొక్క మట్టంలో కొంతకాలం నిలిచిందని తెలుపుతాయి. కప్పు నుంచి వేలాడే చిన్న మొనలు వేడికి మళ్లీ మెత్తబడి కారిన రాతి చుక్కలు. సున్నపురాతి గుహల్లోని మొనలు నీటితో ఇంకా పెరగగలవు. ఇవి మాత్రం ఒకసారి విరిగితే మళ్లీ రావు. నేలపై ముడతలు విల్లులా వంగి ఉంటే ఆ వంపు ఉబ్బిన వైపే లావా పారిన దిశ, అంటే పల్లపు దిశ. పాయలుగా చీలి మళ్లీ కలిసే సొరంగంలో ఈ ఒక్క గుర్తు ఎంతో మేలు చేస్తుంది. అయినా ప్రతి చీలిక దగ్గర వెనుదిరిగి, తిరుగు దారి ఎలా కనిపిస్తుందో గుర్తుపెట్టుకోవాలి. గోడపై రంగుతో గుర్తులు పెట్టడం తగదు.

నల్లని గోడలు వెలుగును మింగేస్తాయి కనుక మామూలు చేతిదీపం చాలదు. శిరస్త్రాణానికి బిగించిన బలమైన దీపంతో పాటు ప్రతి మనిషి దగ్గరా విడిగా మరో రెండు దీపాలు, అదనపు బ్యాటరీలు ఉండాలి. బసాల్టు అంచులు గాజుపెంకుల్లా కోస్తాయి. మందపాటి చేతి తొడుగులు, మోకాలి కాపులు, చీలమండను పట్టి ఉంచే బూట్లు తప్పనిసరి. కప్పు నుంచి ఊడిపడిన బండల గుట్టలను దాటేటప్పుడు ఒక్కొక్కరుగా, ముందు రాతిని తొక్కి చూసుకుని కదలండి.

మొదటిసారి వెళ్లేవారు హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కులోని నాహుకు సొరంగంతో ప్రారంభించడం మంచిది. 1913లో వార్తాపత్రిక ప్రచురణకర్త లోరిన్ థర్‌స్టన్ దృష్టికి వచ్చిన ఈ సొరంగానికి ఆయన పేరు కూడా ఉంది. కజుమురా వంటివి ప్రైవేటు భూముల కింద సాగుతాయి; అక్కడ యజమాని అనుమతితో, దారి తెలిసిన మార్గదర్శి వెంటే వెళ్లాలి. ఎంతమంది, ఏ ద్వారం గుండా, ఎన్ని గంటలకు తిరిగివస్తారో బయట ఉన్న ఒకరికి రాసి ఇవ్వండి. కప్పు కూలి ఏర్పడిన పైరంధ్రాల అంచున నిలబడవద్దు. కింద ఏమీ లేని పలుచని రాయి అది. విస్ఫోటనం సాగుతున్న ప్రాంతంలోని సొరంగం జోలికి వెళ్లనే కూడదు. లోపల తలనొప్పి గానీ ఊపిరాడనట్టు గానీ ఉంటే కారణం వెతకకుండా అందరూ వెంటనే వెనుదిరగాలి.

కప్పు నుంచి వేలాడే ఓహియా చెట్ల వేళ్లను పక్కకు తోయకండి. 1970ల ఆరంభంలో కీటక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హోవర్త్ ఈ సొరంగాల్లో గుర్తించిన కళ్లు లేని పాలిపోయిన తెల్లని కీటకాలు ఆ వేళ్ల రసంతోనే బతుకుతాయి. వేరును కంపింపజేసి జతను పిలుచుకుంటాయి. ఒక వేరు తెగితే వాటి ఆహారంతో పాటు ఆ పిలుపు దారి కూడా తెగిపోతుంది. పూర్వికుల అస్థికలు కనిపిస్తే ఫొటో తీయకుండా, ఆ చోటును ఎవరికీ చాటకుండా నిశ్శబ్దంగా తిరిగి రావాలి. హవాయి ప్రజలకు అవి పవిత్రం.

బయటకు రాగానే, రాసి ఇచ్చినవారికి కబురు చేయండి. తరువాత బూట్ల మట్టిని బ్రష్‌తో పూర్తిగా రాల్చి, అడుగులకు ఆల్కహాలు పట్టించండి. ఓహియా చెట్లను చంపుతున్న శిలీంధ్రం మట్టితో పాటు ఒక అడవి నుంచి మరో అడవికి చేరుతుంది. పైన ఆ చెట్టు ఎండిపోతే కింద సొరంగంలో వేళ్లు మిగలవు.